విజయవాడ స్టేషన్ నిజంగా ఒకప్పుడు మద్రాసు కింద ఉండేదా? సౌత్ సెంట్రల్ రైల్వే ఎలా పుట్టింది?

అవునండీ, మీరు విన్నది కరెక్టే. 1966 దాకా విజయవాడ సదరన్ రైల్వేలో ఉండేది, హెడ్డాఫీసు మద్రాసు. సికింద్రాబాద్ ఏమో సెంట్రల్ రైల్వే, వాళ్ళకి బొంబాయి. వాల్తేరుకి కలకత్తా. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిపోయినా రైళ్ళ పెత్తనం ఇంకో పదేళ్ళు బయట ఊళ్ళదే.

మా తాతయ్య బెజవాడ లోకో షెడ్డులో ఫిట్టర్. చేరినప్పుడు ఎమ్మెస్సెమ్, అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అదీ 1908లో రెండు కంపెనీలు కలిస్తే వచ్చిందే. తర్వాత సదరన్, రిటైరయ్యేసరికి సౌత్ సెంట్రల్, మనిషి మాత్రం బెజవాడ దాటింది లేదు. ఆయన కాగితాల కట్టలో ఒక ఫారం ఉంది, దాని మీద అచ్చులో 'సదరన్' అని ఉంటే అది కొట్టేసి పక్కన సిరాతో 'ఎస్.సి.' అని రాశారు, కొత్త జోన్ వచ్చినా పాత ఫారాలు అయిపోయేదాకా వాడేశారన్నమాట, గవర్నమెంటు పని కదా!

అసలు పెద్ద విలీనం 1951లో జరిగింది. ఏప్రిల్‌లో ఎమ్మెస్సెమ్, సౌత్ ఇండియన్, మైసూర్ రైల్వేలు కలిపి సదరన్ చేశారు, నవంబర్‌లో జీఐపీ, అంటే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, దాంతో పాటు నిజాం స్టేట్ రైల్వే, సింధియా, ధోల్‌పూర్ రైల్వేలు కలిపి సెంట్రల్ చేశారు. నిజాం రైల్వే చిన్నదేం కాదు, 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా లైను, 1889కల్లా బెజవాడ దాకా వచ్చేసింది. అందుకే బెజవాడలో వేర్వేరు కంపెనీల లైన్లు కలిసేవి, అటు గుంతకల్లు వైపు నుంచి వచ్చేదైతే మీటర్ గేజి, అంటే పట్టాల మధ్య మీటరు ఎడమే ఉండే లైను.

ఇక సౌత్ సెంట్రల్ సంగతి, 1966 అక్టోబర్ 2న సదరన్ నుంచి విజయవాడ, హుబ్లీ, సెంట్రల్ నుంచి సికింద్రాబాద్, సోలాపూర్ డివిజన్లు తీసి సికింద్రాబాద్ కేంద్రంగా పెట్టారు. నన్నడిగితే దీన్ని విలీనం అనడం కన్నా కోసి అతకడం అనాలి. ఆ అతుకులు కూడా నిలవలేదు, 1977లో సోలాపూర్ తిరిగి సెంట్రల్‌కి పోయి గుంతకల్లు ఇటొచ్చింది, 2003లో హుబ్లీ సౌత్ వెస్టర్న్‌కి వెళ్ళింది, అప్పుడే గుంటూరు, నాందేడ్ కొత్త డివిజన్లయ్యాయి.

2019లో విశాఖ హెడ్‌క్వార్టర్స్‌గా సౌత్ కోస్ట్ జోన్ ప్రకటించారు కదా, విజయవాడ, గుంటూరు, గుంతకల్లు మూడూ దాంట్లోకే అన్నారు. అంటే బెజవాడ షెడ్డు వాళ్ళు మళ్ళీ ఫారాల మీద పేరు కొట్టేసుకోవాలి.