సమాధానం: .32 పిస్టల్‌లో తూటా ఇరుక్కుంటే ముందు మ్యాగజీన్ చూడండి

నమస్తే అన్నా. మిర్యాలగూడలో మీ లైసెన్సు .32 పిస్టల్ రెండు మూడు తూటాలకే ఆగిపోతోందనీ, పిస్టలే మార్చాలా అనీ అడిగారు. తొందరపడకండి. మీ రెండు మ్యాగజీన్ల (తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే డబ్బాల) అడుగున పెయింటుతో 1, 2 అని రాసి, అనుమతి ఉన్న రేంజిలో విడివిడిగా వాడి చూడండి. ఆటంకం ప్రతిసారీ ఒకే అంకె వెంట వస్తే దోషం ఆ మ్యాగజీన్‌దే.

.32 తూటాకు అడుగు అంచు కొద్దిగా బయటికి ఉంటుంది కాబట్టి, పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనుక చిక్కితే రెండూ కదలవు. అందువల్ల నింపేటప్పుడు పై దాని అంచు ముందుకు ఉండేలా చూడాలి. నా మ్యాగజీన్ ఒకటి షాబాదు బండ మీద పడి, తూటాను పట్టి ఉంచే పై అంచు వెంట్రుకవాసి విచ్చుకుంది. దాన్ని పట్టకారుతో వంచాను, వారానికే పగులు కనిపించింది. మీరు ఆ పని చేయవద్దు.

దోషం ఉన్నదాని బదులు కొత్త మ్యాగజీన్ మీ పిస్టల్ తయారీదారుదే, అదే మోడల్‌ది, లైసెన్సు చూపి హైదరాబాదులోని అధీకృత డీలరు దగ్గర తీసుకోండి. ఖాళీ మ్యాగజీన్‌లో తూటాలను పైకి నెట్టే పలకను వేలితో ఒక మూల నొక్కి వదలండి. ఎక్కడా తట్టుకోకుండా పైకి రావాలి.