'ది ల్యూమినరీస్' నవలను కొందరు ఆకాశానికెత్తుతారు, కొందరు సగంలోనే వదిలేస్తారు. ఎందుకు?

ఎలినార్ కాటన్ రాసిన ఈ నవల 1866లో న్యూజిలాండ్ పశ్చిమ తీరంలో, బంగారం కోసం జనం ఎగబడిన హోకిటికాలో నడుస్తుంది. 2013లో బుకర్ సాహిత్య బహుమతి వచ్చింది.

పేచీ అంతా నవలను కట్టిన తీరుతోనే. మొత్తం పన్నెండు భాగాలు. తరిగే చంద్రుడిలా ఒక్కోటి దాని ముందుదాంట్లో దాదాపు సగం. అంటే మొదటి భాగమే మూడొందల పేజీలు దాటుతుంది! ఓ హోటల్ గదిలో పన్నెండు మంది, ఒక్కొక్కరికి ఒక రాశి. ఎవరెవరో గుర్తుపెట్టుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. పుస్తకం పక్కన పెట్టేసేవాళ్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతారు. పాత్రలు జాతకచక్రంలో గడుల్లా ఉన్నాయి, మనసుకు తాకవు అనేది ఇంకో ఫిర్యాదు. అందులో కొంత నిజముంది.

నచ్చినవాళ్లను పట్టి ఉంచేది మిస్టరీ. గుడిసెలో చనిపోయిన ఒంటరి మనిషి, అక్కడ దొరికిన బంగారం, అదే సమయంలో మాయమైన ఓ కుర్ర ధనవంతుడు. ఆ పన్నెండు మందిలో చైనా కార్మికులు, ఒక మావోరీ (న్యూజిలాండ్ మూలవాసి) కూడా ఉండటం నాకు బాగా నచ్చింది. మొదట్లో ఇచ్చిన పాత్రల పట్టిక దగ్గర ఓ కాగితం పెట్టుకుని చదవండి. చివరికొచ్చేసరికి అధ్యాయం కంటే దాని శీర్షికే పెద్దదిగా ఉంటుంది, కంగారు పడొద్దు.