బడి గంటలు, పీరియడ్ల పట్టిక: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: ఒంటిపూట బడులు మొదలవగానే ఏటా సాఫ్ట్‌వేర్‌లో పీరియడ్ల వేళలన్నీ దిద్దుతున్నాం. దిద్దిన మరుక్షణం జూన్ నుంచి వేసిన హాజరు కూడా కొత్త వేళల్లోనే కనిపిస్తోంది. టైంటేబుల్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలా?
– టైంటేబుల్ ఇన్‌చార్జి, రాజోలు

జవాబు: అక్కర్లేదండీ. టైంటేబుల్‌ను ముట్టుకోకుండా రెండో గంటల పట్టిక తయారుచేసుకుంటే చాలు.

పీరియడ్‌ను గడియారం వేళగా రాయడమే ఈ చిక్కుకు మూలం. "సోమవారం 10:40కి 8-బి లెక్కలు" అని రాస్తే వేళ మారిన రోజున అంతా తిరగరాయాలి. "సోమవారం 3వ పీరియడ్, 8-బి లెక్కలు" అని రాయండి. 3వ పీరియడ్ ఎన్నింటికో గంటల పట్టికలో ఉంటుంది. ఏ తేదీకి ఏ గంటల పట్టికో క్యాలెండర్‌లో ఉంటుంది. ఈ మూడింటినీ ఎక్కడివక్కడ విడిగా ఉంచండి.

ముందు బ్యాకప్ తీసుకోండి. పాత పట్టికలో పాత వేళలే తిరిగి వేయండి. హాజరు కొత్త వేళల్లో కనిపిస్తోందంటే సాఫ్ట్‌వేర్ దాన్ని పీరియడ్ నంబరుతోనే దాచిందన్నమాట, కాబట్టి పాత రోజులు సర్దుకుంటాయి. తర్వాత ఆ పట్టికకు కాపీ తీసి "ఒంటిపూట" అని పేరు పెట్టండి. వేళలు ఆ కాపీలో మార్చి, అమల్లోకి వచ్చే తేదీ ఇవ్వండి. ఒకసారి వాడిన పట్టికను ఇక ఎప్పుడూ దిద్దవద్దు.

పీరియడ్ల సంఖ్య మాత్రం తగ్గించకండి. 8 పీరియడ్లను 6 చేస్తే 7, 8లలో ఉన్న సబ్జెక్టులు ఆ నెలన్నర పూర్తిగా ఎగిరిపోతాయి. నిడివి తగ్గించండి. బడి 7:45 నుంచి 12:30 వరకు అనుకుంటే ప్రేయర్‌కు 15 నిమిషాలు పోగా 8:00 నుంచి 270 నిమిషాలు మిగులుతాయి. అరగంట చొప్పున 8 పీరియడ్లకు 240, ఇంటర్వెల్‌కు 20, రెండు వాటర్ బెల్‌లకు ఐదేసి. లెక్క సరిపోయింది. వాటర్ బెల్‌లు 9:00కి, 11:25కి, ఇంటర్వెల్ 10:05కి పడతాయి. ఆ ఏటి ఉత్తర్వులో వేళలు వేరుగా ఉంటే ఇదే తీరున పంచుకోండి.

నంబర్ల పద్ధతి తీర్చలేని ఇబ్బంది ఒకటుంది. మామూలు రోజుల్లో సాయంత్రం చల్లబడ్డాక వచ్చే 8వ పీరియడ్ డ్రిల్, ఒంటిపూటలో 12:00 నుంచి 12:30కి, నడినెత్తిన ఎండలో పడుతుంది. ఆ ఒక్కదాన్ని 1వ పీరియడ్‌తో మార్చండి. 1వ పీరియడ్ చెప్పే టీచరు 8లోనూ, పీఈటీ 1లోనూ ఖాళీగా ఉన్నారో లేదో చూసుకోండి. ఇది పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన సంగతి, వదిలేయకండి.

ప్రశ్న: మా బడికి లంకల పిల్లలు పంటు మీద వస్తారు. గోదావరి పొంగిన రోజుల్లో 9:30కి గాని చేరలేరు. ఒక పీరియడ్ ఎత్తేస్తున్నాం. వేరే దారి ఉందా? మాకు ప్రేయర్ 9:00కి, 1వ పీరియడ్ 9:15కి, లంచ్ 12:10కి.
– ప్రధానోపాధ్యాయురాలు, ముమ్మిడివరం

జవాబు: "వరద రోజు" పేరుతో మూడో గంటల పట్టిక ఇప్పుడే సిద్ధం చేసి ఉంచండి. లంచ్ వేళ కదపకండి, వంట ఆ వేళకే అవుతుంది. ప్రేయర్ 9:30కి, 10 నిమిషాలే. 9:40 నుంచి 12:10 వరకు 150 నిమిషాలు, అందులో ఇంటర్వెల్ 10 తీసేస్తే 140. అంటే 35 నిమిషాల పీరియడ్లు నాలుగు, మధ్యాహ్నం యథాప్రకారం. పొద్దున క్యాలెండర్‌లో ఆ తేదీకి ఈ పట్టిక తగిలిస్తే సరిపోతుంది. మరునాడు పాతదే నడిచేలా ఒక్క తేదీకే ఇవ్వాలి.

ప్రశ్న: ఒకే ఆవరణలో ప్రైమరీ, హైస్కూలు. ప్రైమరీకి 35 నిమిషాల పీరియడ్లు, హైస్కూలుకు 40. భోజనాల షెడ్డు చిన్నది కనుక లంచ్ కూడా వేరు వేరు. హిందీ టీచరు రెండు చోట్లా చెబుతారు. సాఫ్ట్‌వేర్ ఎక్కడా క్లాష్ లేదంటుంది, ఆవిడ మాత్రం ఒకే సమయంలో రెండు గదుల్లో ఉండాల్సివస్తోంది.
– పాఠశాల కార్యాలయం, పాలకొల్లు

జవాబు: సాఫ్ట్‌వేర్ పోల్చేది నంబర్లను. హైస్కూలు 5వ పీరియడ్ 1:00–1:40, ప్రైమరీ 6వది 1:10–1:45 అనుకోండి. 5, 6 వేరు కాబట్టి దానికి క్లాష్ కనపడదు, గడియారంలో మాత్రం 30 నిమిషాలు ఢీకొంటున్నాయి. ఉచితంగా దొరికే ఎఫ్‌ఈటీ లాంటి టైంటేబుల్ సాఫ్ట్‌వేర్‌లోనూ పీరియడ్ అంటే ఒక పేరు మాత్రమే. దాని ఎదుట వేళ రాసినా అది ఆ వేళను లెక్కలోకి తీసుకోదు.

నిడివి తేడా వదులుకోవడమే మా సలహా. రెండు విభాగాలకూ ఒకే 9 గళ్ల రోజు వేయండి, లంచ్‌ను కూడా ఒక గడిగా లెక్కపెట్టండి. 1వ గడి 9:15–10:00, హాజరు కోసం 45 నిమిషాలు. మిగతావన్నీ 40: 2వది 10:00కి, 3వది 10:40కి. 11:20కి ఇంటర్వెల్. 4వది 11:30కి, 5వది 12:10కి, 6వది 12:50కి, 7వది 1:30కి. 2:10కి రెండో ఇంటర్వెల్. 8వది 2:20కి, 9వది 3:00కి. బడి విడిచేది 3:40కి. ప్రైమరీ తరగతులకు 4వ గడిని, హైస్కూలు తరగతులకు 5వ గడిని "అందుబాటులో లేదు" అని మూసేయండి. షెడ్డులో రెండు బంతులు విడివిడిగా సాగుతాయి, తరగతులకు ఎనిమిదేసి పీరియడ్లు మిగులుతాయి, ఆవరణకంతా ఒకే గంట సరిపోతుంది.

రెండు షరతులు మరిచిపోవద్దు. ఆ టీచరుకు 4, 5 గళ్లలో ఒకటి తప్పనిసరిగా ఖాళీ ఉండాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆవిడకు అన్నం తినే వేళే మిగల్చదు. రెండోది, సైన్స్ ల్యాబ్ కోసం ఇచ్చే జంట పీరియడ్లు 3–4కు, 7–8కి పడకుండా అడ్డుకట్ట వేయండి, మధ్యలో ఇంటర్వెల్ వస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో టాస్క్ షెడ్యూలర్‌తో (చెప్పిన వేళకు పనులు నడిపే విండోస్ ప్రోగ్రామ్) గంట మోగిస్తున్నాం. కరెంటు పోతే బ్యాటరీ ఉన్నా మోగదు. ఒక్కోసారి ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే అప్పటిదాకా మోగని గంటలన్నీ మోగుతున్నాయి.
– కంప్యూటర్ టీచరు, నరసాపురం

జవాబు: రెండూ టిక్కుల వల్లే. టాస్క్ తెరిచి "కండిషన్స్" ట్యాబ్‌లో ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టమనే టిక్కు, బ్యాటరీకి మారితే ఆపేయమనే టిక్కు తీసేయండి. విండోస్ మొదటి టిక్కు తనంతట తానే పెట్టి ఇస్తుంది. "సెట్టింగ్స్" ట్యాబ్‌లో తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే టిక్కు కూడా తీయండి. దాటిపోయిన గంట దాటిపోయినట్టే ఉండాలి. ప్రతి గంటకూ ఉన్న టాస్క్‌లో విడివిడిగా ఈ మార్పులు చేయాలి. స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చండి. ఆంప్లిఫయర్‌ను కూడా ఇన్వర్టర్ మీదకు తేకపోతే ల్యాప్‌టాప్ ఎంత మోగించినా వినపడదు.

మధ్యాహ్నం వేళలు ఓసారి సరిచూడండి. 1:30కి ఏఎం పడితే గంట అర్ధరాత్రి దాటాక మోగుతుంది. వీలైతే 13:30 అని 24 గంటల పద్ధతిలో వేయండి. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో 9:00 గంట మధ్యాహ్నం 2:30కి మోగితే టైమ్‌జోన్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉన్నట్టు, భారత కాలమానానికి మార్చండి.

ల్యాప్‌టాప్‌ను బడి పనికి వదిలేయాలంటే డీఎస్ 3231 గడియారం చిప్ ఉన్న చిన్న కంట్రోలర్, రిలేతో (కంట్రోలర్ చెప్పినప్పుడు బెల్‌కు కరెంటు కలిపే, ఆపే స్విచ్) ఎలక్ట్రిక్ బెల్ పెట్టించండి. ఆ చిప్ ఏడాదికి నిమిషం అటూ ఇటూ మాత్రమే తప్పుతుంది. కరెంటు లేనప్పుడు కూడా సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ మీద గడియారం నడుస్తుంది. 230 వోల్టుల బెల్‌లో తీగచుట్ట ఉంటుంది కాబట్టి ఆపిన ప్రతిసారీ రిలే కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. మీ ఊళ్లో ఉప్పుగాలి తోడై కాంటాక్టులు త్వరగా పాడవుతాయి. ఆ నిప్పురవ్వ తగ్గడానికి కాంటాక్టుల మీదుగా 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్, 100 ఓమ్‌ల రెసిస్టర్ వరసగా కలిపి వేయించి, మొత్తం మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టించండి. 230 వోల్టుల వైరింగ్ ఎలక్ట్రీషియనే చేయాలి. గంట నిడివి పీరియడ్‌కు 4 సెకన్లు, లాంగ్ బెల్‌కు 10 సెకన్లు చాలు. పాత ఇనుప గంటను మాత్రం వరండాలో ఉన్నచోటే ఉంచండి, తుఫాను రోజుల్లో దాంతోనే పని.