రేంజ్‌ఫైండర్ లెన్సులు కొనబోయే మాధవికి

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సోనీ ఏ7 మూడో తరం కెమెరా కొన్నావనీ, దానికి పాత రేంజ్‌ఫైండర్ (పక్క కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే కెమెరా) లెన్సులు తగిలించాలని ఉందనీ, ముందుగా 21 మిల్లీమీటర్ల సూపర్ యాంగులాన్ అనే వెడల్పు లెన్సు (ఎక్కువ దృశ్యాన్ని పట్టేది) ఒకటి అమ్మకానికి వచ్చిందనీ రాశావు. ఆ లెన్సు కొనకు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో మొదలుపెట్టు. ఎందుకు వద్దంటున్నానో తెలిస్తే మిగతా లెన్సుల సంగతి నువ్వే తేల్చుకోగలవు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

లెన్సులోంచి వచ్చే బొమ్మను అద్దంతో కంటికి చూపే ఎస్సెల్లార్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య అద్దం లేచి పడటానికి చోటు వదలాలి. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దమే లేదు. 1954లో ఎం3 కెమెరాతో పాటు లైకా తెచ్చిన ఎం మౌంటులో (మౌంటు అంటే లెన్సు తగిలించే రింగు) మౌంటు నుంచి ఫిల్ముకు దూరం 27.8 మిల్లీమీటర్లే. దానివల్ల వెడల్పు లెన్సుల వెనక గాజును ఫిల్ముకు బాగా దగ్గరగా తీసుకువెళ్ళే వీలు కలిగింది. అరచేతిలో ఇమిడిపోయే లెన్సులు, గోడలూ స్తంభాలూ వంకర పోకుండా చూపించే లెన్సులు ఆ వీలు వల్లే వచ్చాయి. వాటి మీద నీకు మనసు పడటంలో వింతేమీ లేదు, నాకూ అవంటే ప్రాణం.

అయితే వెనక గాజు అంత దగ్గరగా ఉంటే, మూలలకు చేరే వెలుతురు బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకు దానితో పేచీ లేదు. డిజిటల్ సెన్సార్‌కు ఉంది. సెన్సార్ ముందు, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును ఆపడానికీ దుమ్ము నుంచి కాపాడటానికీ, గాజు పలకలు ఉంటాయి. సోనీలో వాటి మందం మొత్తం కలిపి సుమారు 2 మిల్లీమీటర్లు. నిటారుగా వచ్చిన కిరణం వాటిలోంచి తిన్నగా వెళ్ళిపోతుంది. ఏటవాలుగా వచ్చింది మాత్రం, నీళ్ళ గ్లాసులో చెంచా విరిగినట్టు కనిపించే కారణానే, పక్కకు జరుగుతుంది. 1960ల్లో లెన్సు లెక్కలు కట్టినవాళ్ళు ఈ పలకను ఊహించలేదు. అందుకే నడుమ కత్తిలా ఉండే బొమ్మ మూలలకు వెళ్ళేసరికి అలుక్కుపోతుంది.

లైకా వాళ్ళకు ఈ చిక్కు తెలుసు. 2006లో వచ్చిన డిజిటల్ కెమెరా ఎం8లో ఆ పలకను 0.5 మిల్లీమీటర్ల మందానికి కుదించారు. మూలలు బాగుపడ్డాయి గాని ఇన్‌ఫ్రారెడ్ లోపలికి చొరబడి నల్లని సింథటిక్ బట్టలు ఊదారంగులో పడ్డాయి, లెన్సు ముందు ప్రత్యేకంగా ఫిల్టర్ పెట్టుకోవలసి వచ్చింది. 2009 నాటి ఎం9లో 0.8 దగ్గర స్థిరపడ్డారు. నికాన్ జెడ్ కెమెరాల్లో పలక సోనీ కంటే పలుచన కాబట్టి ఇవే లెన్సులు వాటి మీద కొంత మెరుగు. సోనీలో పలక మార్చి పలచటిది వేసే సంస్థలు కూడా ఉన్నాయి గాని, కొత్తగా కొన్న కెమెరాను అప్పుడే విప్పించవద్దు. పలక మారిస్తే, ఆ మందానికి లెక్క కట్టి తయారైన సోనీ సొంత లెన్సుల మూలలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మూలల్లో ఊదా ఛాయ రావడం వేరే సమస్య. మొదటి తరం ఏ7ఆర్ మీద ఇది బాగా బాధించేది. 2015లో ఏ7ఆర్ రెండో తరంతో వెనక నుంచి వెలుతురు అందుకునే సెన్సార్ వచ్చాక చాలావరకు తగ్గింది. నీ కెమెరాలో ఉన్నదీ ఆ రకమే. ఇంకా మిగిలినా ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు లైట్‌రూమ్ క్లాసిక్‌లోని ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్‌తో సరిచేసుకోవచ్చు. రంగును తర్వాత దిద్దుకోగలం, అలుక్కుపోయిన మూలను ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. లెన్సు ఎంచుకునేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకో.

ఇక ఏవి పనికొస్తాయి? 50, అంతకు పైన 75, 90, 135 దాదాపు అన్నీ నిశ్చింతగా పనిచేస్తాయి, వాటిలో వెలుతురు సెన్సార్ మీదికి నిటారుగానే వస్తుంది. 35 దగ్గర లెన్సును బట్టి ఉంటుంది. 28 కంటే తక్కువైతే పరీక్షించకుండా డబ్బు చెల్లించవద్దు. లెన్సును చేతిలోకి తీసుకుని వెనక వైపు చూడు. మౌంటు అంచు దాటి గాజు బయటికి పొడుచుకు వస్తే అనుమానించు. సూపర్ యాంగులాన్, జైస్ బయోగాన్ 21, సోవియట్ జూపిటర్-12 ఈ కోవలోవే. వెడల్పు లెన్సు తప్పనిసరి అనుకుంటే ఫోక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ 21 తీసుకో. ఎం మౌంటు రకం కాకుండా, సోనీ పలకకు తగ్గట్టు లెక్క కట్టి సోనీ మౌంటుతోనే తయారుచేసిన రకం. వేరే మౌంటు లెన్సును కెమెరాకు కలిపే రింగు, అంటే అడాప్టర్, బాధ కూడా తప్పుతుంది.

పరీక్ష ఎలా చెయ్యాలంటే, మీ విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఉండగా వేరే చోటు వెతకనక్కరలేదు. దిగువన కాస్త దూరంగా, గేట్ల వరుస ఎదురుగా కనిపించేలా ట్రైపాడ్ వేసుకో. పొద్దెక్కక ముందే వెళ్ళు, ఎండ ముదిరితే నీటి మీది వేడిగాలికి దూరపు స్తంభాలు అల్లాడతాయి, ఆ మసకను లెన్సు తప్పు అనుకుంటావు. అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి ఒకటి, దాన్ని ఎఫ్/8కు మూసి ఒకటి తియ్యి. గేట్ల వరుసను ఒకసారి నడిమికి, ఒకసారి పై అంచుకు, ఒకసారి కింది అంచుకు తెచ్చి తీస్తే నాలుగు మూలలూ తెలుస్తాయి. నాలుగూ ఒకేలా చెడితే అది పలక చేసిన పని కావచ్చు. మూడు బాగుండి ఒకటే చెడితే లెన్సులో గాజు పక్కకు జరిగిందన్నమాట, తిరిగి ఇచ్చెయ్యి. ఇప్పుడు బొమ్మను పెద్దది చేసి మూల మీదనే ఫోకస్ తిప్పి చూడు. మూలలో స్తంభం అంచు పదునెక్కి నడుమ మసకబారితే ఫోకస్ తలం వంగిందని అర్థం, అపర్చర్ మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎంత తిప్పినా మూలలో అంచు నిలబడకపోతే ఆ లెన్సు నీ కెమెరాకు పనికిరాదు.

అడాప్టర్ దగ్గర పొదుపు చెయ్యకు. నీ కెమెరా మౌంటు నుంచి సెన్సార్‌కు 18 మిల్లీమీటర్లు, అంటే ఎం అడాప్టర్ మందం 9.8 ఉండాలి. చవక రకాలను కొంచెం పలచగా చేస్తారు, ఫోకస్ రింగు మీద అనంతం (అత్యంత దూరం) గుర్తు రాకముందే దూరపు కొండ ఫోకస్‌లోకి వచ్చేస్తుంది. మామూలు లెన్సుకు అది పెద్ద ఇబ్బంది కాదు. మందం ఎక్కువైతే మాత్రం అనంతం ఎప్పటికీ అందదు. దొరికితే మరతో ముందుకు జరిగే అడాప్టర్ తీసుకో. ఈ లెన్సుల్లో చాలావాటికి 70 సెంటీమీటర్ల నుంచి మీటరు కంటే దగ్గరగా ఫోకస్ కుదరదు. ఆ మర ఉంటే అరచేతి గోరింటాకు కూడా తీయవచ్చు.

మరమౌంటు లెన్సులకు, అంటే 39 మిల్లీమీటర్ల పాత లైకా మరకు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న రింగు చాలు, అదే అడాప్టర్ మీద కూర్చుంటుంది. సోవియట్ జూపిటర్-8 తక్కువ ధరకు దొరికే చక్కని 50. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. పాత జెనిత్ ఎస్సెల్లార్ లెన్సులకూ, డార్క్‌రూమ్ ఎన్‌లార్జర్ లెన్సులకూ అదే 39 కొలత మర ఉంటుంది. జెనిత్ లెన్సుకు కావలసిన దూరం 45.2 మిల్లీమీటర్లు కాబట్టి నీ అడాప్టర్ మీద అది సెన్సార్‌కు మరీ దగ్గరై ఏ దూరంలోనూ ఫోకస్ కాదు. ఎన్‌లార్జర్ లెన్సుకైతే ఫోకస్ రింగే ఉండదు. అమ్మేవాళ్ళు అన్నింటినీ ఒకే పేరుతో పెడుతుంటారు. ఇంకొకటి, లోపలికి మడిచే ఎల్మార్ వంటి లెన్సును కెమెరా మీద ఉండగా లోపలికి నెట్టకు, గొట్టం లోపలి భాగాలకు తగలవచ్చు.

కెమెరాలో మార్చవలసినవి రెండే. లెన్సు లేకపోయినా షట్టర్ పనిచేసే అమరిక పెట్టు. చేతి వణుకును ఆపే వ్యవస్థకు ఫోకల్ లెంగ్త్ (35, 50 అనే ఆ మిల్లీమీటర్ల సంఖ్య) చేత్తో ఇవ్వు, లెన్సు మార్చినప్పుడల్లా మార్చు. 90 లెన్సు పెట్టి 35 అని ఉంచితే అది సరిగా ఆపదు. ఫోకస్ అయిన అంచులకు రంగు వేసి చూపే పీకింగ్‌ను అపర్చర్ తెరిచినప్పుడు నమ్మకు, బొమ్మను పెద్దది చేసి కనురెప్ప వెంట్రుకల మీద పెట్టు. ఫోటో తియ్యబోయే అపర్చర్‌లోనే ఫోకస్ చెయ్యి. జైస్ సోనార్ 50 లాంటి లెన్సుల్లో అపర్చర్ మూస్తే ఫోకస్ వెనక్కి జరుగుతుంది. ఫిల్ము రేంజ్‌ఫైండర్ వాడినవాళ్ళు దాన్ని ఊహించి సర్దుకునేవారు, నీకు తెర మీద కళ్ళెదుటే కనిపిస్తుంది.

వీధిలో అయితే కంటికి ఎత్తి ఫోకస్ చేస్తూ కూర్చోకు. 35 లెన్సును ఎఫ్/8 దగ్గర 3 మీటర్లకు పెడితే రమారమి 2 నుంచి 7 మీటర్ల దాకా ఫోకస్‌లో ఉంటుంది. బీసెంట్ రోడ్డు జనంలో నీకు అంతకంటే ఏం కావాలి? ఫోకస్ రింగుకు వేలు ఆనే చిన్న కొమ్ము ఉంటే, అది తిన్నగా కిందికి ఉన్నప్పుడు ఎంత దూరమో గుర్తుపెట్టుకో. వేలి స్థానంతోనే దూరం తెలిసిపోవాలి. ఈ లెన్సుల అసలు సుఖం అక్కడే ఉంది, అందుకే వీటిని వాడమంటాను.

కొనేముందు అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ఏటవాలుగా చూడు. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్, పాలు కలిపిన నీళ్ళలా ఉంటే హేజ్. ముందు గాజు మీద సన్నటి గీతలు రెండు మూడు ఉన్నా పరవాలేదు. హేజ్ ఉన్న లెన్సు, ముఖ్యంగా పాత మరమౌంటు కెనాన్ 50లు, తుడిస్తే పోతుందని చెబితే ఒప్పుకోకు, కొన్నింట్లో అది గాజును తినేసి ఉంటుంది. ఇంటికి తెచ్చాక తోలు సంచిలో దాచకు, తేమ పట్టి ఫంగస్‌కు నెలవవుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకో. కృష్ణ ఒడ్డున ఉన్నావు కదా, వానాకాలంలో ఆ జెల్ తరచూ ఎండబెట్టవలసి వస్తుంది.

బ్యారేజీ దగ్గర తీసిన ఫైళ్ళు రా (కెమెరా దిద్దని ముడి) రూపంలోనే పంపు. జేపెగ్‌లో మూలల సంగతి సరిగా తెలియదు.

మీ పెదనాన్న