ర్యాంప్ మీద పాచికి ఉప్పు జల్లొచ్చా?

శ్రీకాకుళంలో మీ గేటు నుంచి పోర్టికో దాకా ఉన్న సిమెంటు ర్యాంప్ వానలకి పాచి పట్టి జారుతోందని, అమెరికాలో మీ తమ్ముడు మంచుకి జల్లినట్టు ఉప్పు జల్లొచ్చా అని అడిగారు. వద్దండీ. ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, అందుకే అక్కడ మంచు కరుగుతుంది. మనది ప్రాణమున్న నాచు. ఉప్పుకి రెండు రోజులు వాడినట్టు కనబడుతుంది, ఒక్క వానకి ఆ ఉప్పు కాస్తా కాలవలో కలుస్తుంది. ఈలోగా గేటుకి తుప్పు.

మాది విజయనగరం. మూడేళ్ల కిందట ఆగస్టులో మా నాన్న పాల ప్యాకెట్లతో వస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆ కోపంలో బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి ర్యాంపంతా పోశాను. బుసబుసా పొంగి తెల్లగా మెరిసింది. నెల తిరక్కుండా పైపూత లేచిపోయి, చెయ్యి పెట్టి రాస్తే ఇసుక రాలేది. ఆ గరుకులో పాచి ఇంకా మొండిగా పట్టింది.

ఇప్పుడు వాడేది బ్లీచింగ్ పౌడరే. తెరిపిచ్చిన రోజు చూసి, పాచి తడిగా ఉండగానే అరిగిపోయిన మొండి చీపురుతో గీకేస్తాను. కొత్త చీపురు ఈనెలు వంగిపోతాయి, పని జరగదు. బకెట్ నీళ్లలో రెండు గుప్పిళ్లు కలిపి పోసి, ఇరవై నిమిషాలాగి కడిగేస్తాను. తులసి కోట వైపు ఆ నీళ్లు పోనివ్వను. చేతులకి గ్లవ్స్ ఉండాలి. యాసిడ్ మాత్రం దీంతో కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.

అయినా పదిహేను రోజులకోసారి మళ్లీ పచ్చబడేది. చూస్తే డాబా మీది నీళ్ల గొట్టం సరిగ్గా ర్యాంప్ మీదికే కారుతోంది, పైన జామకొమ్మ ఎండ పడనివ్వట్లేదు. గొట్టానికి ముక్క అతికించి కాలవలోకి తిప్పాం. కొమ్మ కొట్టేటప్పుడు అమ్మ రెండు రోజులు మాట్లాడలేదనుకోండి. నిరుడు వానాకాలమంతా రెండుసార్లే బ్లీచింగ్ వేశాను.

ఎప్పుడైనా మళ్లీ గచ్చు చేయిస్తే నున్నగా పాలిష్ చెయ్యనివ్వకండి, పచ్చిగా ఉన్నప్పుడే అడ్డగీతలు గీయించండి.

ఈ రాత్రికి జల్లాలంటే ఓ తట్టెడు ఇసుక జల్లండి, కాలికి పట్టు దొరుకుతుంది. మంచు దేశాల్లోనూ దాన్ని జల్లుతారు, కావాలంటే మీ తమ్ముణ్ణి అడగండి. పొద్దున్నే ఎత్తేయండి, లేకపోతే కాలవ పూడుకుపోతుంది.