నచ్చని పేజీ కొనేముందు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు కొనాలనుకుంటున్న థోర్ కామిక్ అసలు పేజీ, అంటే అచ్చుకోసం చేత్తో గీసిన కాగితం, సంగతి నీ ఉత్తరంలో చదివాను. పెన్సిల్ బొమ్మ జాక్ కర్బీది, దానిమీద దిద్దిన ఇంకు విన్స్ కొలెట్టాది. కర్బీ అంటే ప్రాణం, కొలెట్టా ఇంకు మాత్రం కంటికి ఆనదు, కొననా మాననా అని అడిగావు. కొనవచ్చు. కామిక్ ఒరిజినల్ ఆర్ట్ పోగుచేసేవాళ్ల దగ్గర మనసుకు పట్టని పేజీలు కొన్ని ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. అయితే నచ్చిన పేజీ దగ్గర కన్నే దారి చూపిస్తుంది, నచ్చనిదానికి ఆ సాయం ఉండదు. అందుకని లెక్కా పరీక్షా రెట్టింపు కావాలి.

నచ్చనిది ఏమిటో ముందు తేల్చుకో. అచ్చయిన కామిక్‌లో నీకు కనబడేది ఒక్క చెయ్యి కాదు. పెన్సిల్ ఒకరిది, ఇంకు ఇంకొకరిది, అక్షరాలు మరొకరివి, రంగులు వేరొకరివి, ఆపైన చవక న్యూస్‌ప్రింట్ మీద అచ్చు. 1960లలో రంగు అసలు పేజీ మీద పడేదే కాదు. కాపీ మీద రంగులు వేసి కలర్ గైడ్ విడిగా తయారుచేసేవారు. కాబట్టి ఫలానావారి బొమ్మ నాకు పడదు అని చాలామంది అనుకునేది నిజానికి రంగుమీదో మసక అచ్చుమీదో కోపం. అసలు పేజీ నలుపు తెలుపుల్లో ఎదురుగా చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నవాళ్లు ఎందరో. డబ్బు తీయకముందే ఒరిజినల్స్ చూసిరా. కొలంబస్‌లో ఒహైయో స్టేట్ యూనివర్సిటీవారి బిల్లీ ఐర్లాండ్ కార్టూన్ లైబ్రరీ ఉంది. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనబడ్డ అమేజింగ్ ఫ్యాంటసీ 15వ సంచికకు స్టీవ్ డిట్కో వేసిన 24 పేజీలూ 2008లో ఎవరో పేరు చెప్పకుండా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. అలాంటివి చూడాలంటే ముందుగా రాసి సమయం అడగాలి.

నీ విషయంలో అయితే తేడా ఇంకు దగ్గరే ఉంది. కర్బీ పెన్సిల్ మీద జో సినాట్ ఇంకు చూడు. 1965లో ఫెంటాస్టిక్ ఫోర్ 44వ సంచికతో ఆయన అక్కడ స్థిరపడ్డారు. బ్రష్షుతో నిండైన, నున్నటి గీత, ఇనుము ఇనుములా మెరుస్తుంది. కొలెట్టా ప్రేమకథల కామిక్స్‌లో చెయ్యి తిరిగినవారు. సన్నటి పెన్నుగీతలు పక్కపక్కన గీసి నీడలు నింపుతారు. థోర్ దేవలోకం అస్గార్డ్ పాతకాలపు పురాణంలా కనబడటానికి ఆ గీతే కారణమని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో నిజం ఉంది. గడువు ముంచుకొచ్చినప్పుడు వెనకాల నిలబడ్డ మనుషుల్నీ, భవనాల్నీ చెరిపేసి పని ముగించేవారన్నది ఆయన మీద ఉన్న పెద్ద ఫిర్యాదు. అదీ నిజమే. అందుకే ఈ పేజీ నీ దగ్గర ఉండాలంటున్నాను. పేజీని బల్లమీద పడుకోబెట్టి, గది చీకటి చేసి, చిన్న టార్చిని కాగితం అంచుకు దాదాపు ఆనించి వెలుతురు ఏటవాలుగా పోనియ్యి. ఖాళీగా ఉన్న ఆకాశంలోనో, గోడమీదో పెన్సిల్ నొక్కిన గాడి ఏదైనా ఉంటే సన్నటి నీడగా లేస్తుంది. కర్బీ అక్కడ ఏం గీశారో, ఇంకులోకి ఏం రాలేదో ఆ గాడి చెబుతుంది. అచ్చు పుస్తకంలో ఎంత వెతికినా అది దొరకదు.

ఇప్పుడు అసలు మాట. నచ్చని చేతిపని కొంటున్నప్పుడు నీకు ఏది నచ్చదో అది నిండుగా ఉన్న పేజీనే ఎంచుకో. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. ఇందులో ఆ గోల కాస్త తక్కువలే అని మెత్తటి పేజీ తెచ్చుకుంటారు. అది నీకూ ఆనందం ఇవ్వదు, ఆ చిత్రకారుడి అభిమానికీ పనికిరాదు, ఆ కాలాన్నీ చూపించదు. 1990ల మొదట్లో రాబ్ లైఫెల్డ్ పనినే తీసుకో. పళ్లు బిగించిన మొహాలు, ఒంటినిండా సంచులు, ఎక్కడా కనబడని పాదాలు, మొహమంతా అడ్డగీతలు అని తప్పుపట్టేవాళ్లు కోకొల్లలు. కానీ డెడ్‌పూల్ పుట్టిన న్యూ మ్యూటెంట్స్ 98వ సంచిక, 1991, ఆయన చేతిలోంచే వచ్చింది. ఆ గీతను ఎన్నేళ్లు ఎంతమంది అనుకరించారో తెలిసినవాడు ఆ కాలపు పేజీ ఒకటి దగ్గర పెట్టుకోవాలనుకుంటే, పైన చెప్పినవన్నీ పుష్కలంగా ఉన్నదే కొనాలి. నీ థోర్ పేజీకీ అదే కొలత. పెన్నుగీతల నీడలు దట్టంగా, వెనకభాగం బోసిగా ఉన్న ఫలకాలు, అంటే పేజీలోని బొమ్మల గళ్లు, రెండుమూడైనా ఉన్నాయేమో చూడు. అంతా దగ్గరి మొహాలే అయితే వదిలెయ్.

కొనే కారణం ఒక్క వాక్యంలో కార్డుమీద రాసి పేజీ వెనక ఉంచు. నేర్చుకోవడానికా, ఒక కథలోని పేజీలు జతకూర్చడానికా, ఒక కాలానికి నమూనాగానా, ఇంకొకరి పేజీతో మార్పిడికా? కారణాన్ని బట్టి పేజీ మారిపోతుంది. నేర్చుకోవడానికైతే థోర్ కనబడకపోయినా పర్వాలేదు, అలాంటివి చవక కూడా. మార్పిడికైతే సుత్తి పట్టుకుని వేషంలో ఉన్న థోర్ కనీసం రెండుమూడు ఫలకాల్లో ఉండాలి, లేకపోతే అవతలివాడు ఒప్పుకోడు. చవకగా వచ్చిందన్నది కారణమే కాదు. ఆ మాటతో కొన్న పేజీలే పదేళ్లు సంచిలో పడి ఉంటాయి. వాక్యం రాయలేకపోతే బేరం అక్కడితో ఆపు.

పేజీ చేతికొచ్చాక కొలత బద్ద తీయి. 1967 చివరిదాకా ఈ పేజీలు పెద్దవి, బొమ్మ భాగమే దాదాపు పన్నెండున్నర అంగుళాల వెడల్పు, పద్దెనిమిదిన్నర ఎత్తు. ఆ తర్వాత బొమ్మ 10 బై 15కి, కాగితం 11 బై 17కి తగ్గింది. 1966 పేజీ అని చెప్పి చిన్న సైజు చూపిస్తే అడుగు ముందుకు వేయకు. వెనక్కి తిప్పు, అచ్చుకు ముందు పేజీలు చూసి ఆమోదించిన కామిక్స్ కోడ్ సంస్థ ముద్ర చాలా పేజీల మీద ఉంటుంది. అంచుల్లో కథ చెబుతూ కర్బీ పెన్సిల్‌తో రాసిన మాటలు సాధారణంగా ఉంటాయి, చెరిపినా ఆనవాలు మిగులుతుంది. మాటల బుడగల్లో అక్షరాలు బోర్డు మీదే రాసి ఉండాలి, వాటి కింద సన్నటి పెన్సిల్ గీతలు కనబడాలి. పదింతల భూతద్దం పెడితే నల్లని చోట్ల ఇంకు మీద ఇంకు పడ్డ అంచు తెలుస్తుంది. అక్కడ చుక్కలు కనబడితే అది అచ్చు. ఇక అచ్చయిన సంచిక పక్కన పెట్టి గీతకు గీత పోల్చు. లైట్‌బాక్స్ మీద పెట్టి దించిన నకలు ఈ పరీక్షలో దొరికిపోతుంది. వంపులు సరిపోతాయి కానీ గీత చివర సన్నబడే తీరు తేడా వస్తుంది, కింద పెన్సిల్ వెతుకులాట ఉండదు. తెల్లరంగు దిద్దుబాట్లు, అతికించిన ముక్కలు చూసి భయపడకు. పని జరిగిన పేజీకి అవి సహజం, ఏమీ లేకుండా మరీ శుభ్రంగా ఉంటేనే అనుమానించు.

ఈ కాలపు పేజీలకు వేరే చిక్కు ఉంది. పెన్సిల్ ఒక ఊళ్లో, ఇంకు మరో ఊళ్లో. స్కాన్‌ను లేతనీలంలో ముద్రించి దానిమీద ఇంకు వేస్తారు. ఒకే పేజీకి రెండు ఒరిజినల్స్ తయారవుతాయి. ఏది అమ్ముతున్నారో రాతలో అడుగు.

పేజీ ఎవరి చేతుల్లోంచి వచ్చిందో కూడా అడగాలి. ప్రచురణకర్తలు బొమ్మలు చిత్రకారులకు తిరిగివ్వడం 1970లలో గానీ అలవాటు కాలేదు. కర్బీ తన పేజీల కోసం థోర్ ప్రచురణకర్త మార్వెల్‌తో ఏళ్లపాటు పోరాడితే 1987లో రెండువేల దరిదాపు చేతికొచ్చాయి. ఆయన గీసినదానిలో అది చిన్న వాటా. మిగిలినవి రకరకాల దారుల్లో బయటికి వెళ్లాయి. పాత అమ్మకం రసీదో, వేలం జాబితాలో పేజీ కనబడిన దాఖలానో ఉంటే రేపు నువ్వు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.

డబ్బు సంగతి. నచ్చనివాటికి నీ ఏడాది బడ్జెట్‌లో ఐదో వంతు దాటనివ్వకు. వేలంలో అయితే పాడిన ధరమీద కొనుగోలుదారు రుసుం అదనం. అది 20 శాతమైతే, చేతిలో 1,200 డాలర్లున్నప్పుడు నీ ఆఖరి పాట 1,000. పోస్టు, బీమా కూడా అందులోంచి తీసేసి, ఆ అంకె ముందురోజే రాసిపెట్టు, పాట నడుస్తుండగా మార్చకు. నచ్చిన పేజీకి నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టినా మనసు సర్దుకుంటుంది. నచ్చనిదానికి ఎక్కువ పెడితే చూసినప్పుడల్లా గుచ్చుకుంటుంది.

దాచడంలో మాత్రం నచ్చినదానికీ నచ్చనిదానికీ తేడా చూపించకు. చెప్పడానికి కష్టంగా ఉంది గానీ, పాడైపోయే పేజీల్లో ఎక్కువ భాగం అభిమానం లేనివాళ్ల ఇళ్లలోనే పాడవుతాయి. మైలార్ అనే పారదర్శక పాలియెస్టర్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, పడుకోబెట్టి ఉంచడం, తేమ 40 నుంచి 50 శాతం. అటకా బేస్‌మెంటూ రెండూ వద్దు. పసుపెక్కిన పాత టేపు గోరుతో లాగావంటే కాగితం పొర లేచివస్తుంది, కాగితాలు బాగుచేసే కన్సర్వేటర్‌కే ఇవ్వు. రబ్బరు సిమెంటు ఎండి ఊడిన అక్షరాల ముక్కలుంటే తిరిగి అతికించకు, చిన్న కవరులో వేసి పేజీతోపాటు ఉంచు. నీడకోసం చుక్కలు అచ్చయిన పల్చటి తెర అతికించిన పేజీలు వేడికి ముడుచుకుని లేస్తాయి. మార్కరుతో నింపిన నలుపు వెలుతురుకు గోధుమరంగో ఊదారంగో అయిపోతుంది, అలాంటిదాన్ని గోడకు పెట్టనే వద్దు. ఇండియా ఇంకు పేజీని గోడకు పెడితే అతినీలలోహిత కిరణాలు ఆపే అద్దం, అద్దానికి కాగితం తగలకుండా మధ్యలో మౌంటు ఉండాలి.

పెట్టడం అంటే నువ్వు రోజూ కూర్చునే చోట పెట్టు. ఆర్నెల్లు చూడు. వారానికోసారి ఒక ఫలకాన్ని మామూలు కాగితం మీద పెన్సిల్‌తో దించి, అదే పెన్నుగీత వేసి చూడు. ఆ సన్నగీతలు ఎంత వేగంగా, ఎక్కడా చెయ్యి వణక్కుండా పడ్డాయో అప్పుడు తెలుస్తుంది. ఆర్నెల్ల తర్వాత కూడా కార్డుమీద వాక్యం నీకు సబబుగా అనిపిస్తే ఉంచు, లేకపోతే మార్పిడికి పెట్టు. మార్పిడిలో డీలరు తన పేజీకి పూర్తి ధర, నీదానికి తగ్గింపు ధర కడతాడు. రెండు పేజీలకూ నగదు ధర ఎంతని మొదటే అడిగి లెక్క చూసుకో. కొనేవాడి ముందు ఆ చిత్రకారుణ్ణి చులకన చేసి మాట్లాడకు. వాడికి అది ఏళ్లుగా వెతుకుతున్న పేజీ కావచ్చు.

డబ్బు కట్టకముందు ముందువైపూ వెనకవైపూ 600 డీపీఐ స్కాన్లు అడిగి తీసుకుని నాకు పంపు. అంచులు కత్తిరించకుండా మొత్తం కాగితం కనబడాలి.

ఉంటాను,
మీ బాబాయి