బెల్లం రుచిని మార్చిందా, బెల్లంతో రుచి మారిందా?

సందేహం: మేం బెంగళూరులో ఉంటాం. ఇక్కడి సాంబారు గురించి మా అమ్మాయి "బెల్లం సాంబారు రుచిని మార్చింది" అని రాసింది. మా అత్తగారు చూసి, "అలా అనకూడదు, బెల్లంతో సాంబారు రుచి మారింది అనాలి" అన్నారు. ఏది ఒప్పు?

సమాధానం: వ్యాకరణం మాటకొస్తే రెండూ ఒప్పే. మారు అకర్మక క్రియ, మార్చు సకర్మక క్రియ. ఇలాంటి జంటలు మన వంటింటి నిండా ఉన్నాయి. పాలు కాగుతాయి, మనం కాస్తాం. పప్పు ఉడుకుతుంది, మనం ఉడికిస్తాం. ఆవకాయ ఊరుతుంది, మనం ఊరబెడతాం.

ప్రాణం లేని బెల్లం కర్త ఎలా అవుతుందన్నది మీ అత్తగారి అభ్యంతరం అయ్యుండాలి. అవుతుంది. "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అంటాం; అక్కడ మేలు చేసేది ఉల్లే కదా. అయినా ఆవిడ చెవి మంచి చెవి. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించుకున్న మనిషి నోట వచ్చే మాట "బెల్లం పడేసరికి రుచే మారిపోయింది" అనే. కారణాన్ని ముందు చెప్పి, మారినదాన్ని కర్తగా నిలబెట్టడం మనకు అలవాటు. నేనైతే వేసిన వస్తువుకు 'తో', జరిగిన పనికి 'వల్ల' వాడతాను: ఇంగువతో రుచి వచ్చింది, అడుగంటడం వల్ల రుచి పోయింది. రాయకూడనిది మాత్రం "బెల్లం చేత రుచి మార్చబడింది" అన్న వాక్యం. అది ఏ తెలుగింట్లోనూ వినపడదు.

అసలు 'మారింది' అన్నదే పలచని మాట. ఎలా మారిందో చెప్పే క్రియలు మనకు విడిగా ఉన్నాయి. పెరుగు పులుస్తుంది, పాలు విరుగుతాయి, పిండి ముక్కిపోతుంది, కూర మాడుతుంది. లోపలి కళాయి, అంటే తగరం పూత, పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాస్తే కిలుమెక్కుతుంది. చింతపండు పులుపు ఇత్తడిలోని రాగిని తినేసి చారులోకి దింపుతుంది. నోట్లో పెట్టుకుంటే నాలుక ముడుచుకుపోతుంది. ఇదంతా 'కిలుమెక్కింది' అన్న ఒక్క మాటలో ఉంది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ మాట పిల్లలకు అందడం లేదు, అదే నా బాధ.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. 'రుచి' సంస్కృతం నుంచి వచ్చింది. మన సొంత మాట 'చవి', కన్నడంలో అదే 'సవి'. మన చారు అక్కడ సారు, మన చేరు అక్కడ సేరు. మనం చవిచూస్తాం, మనకు చవులూరతాయి, జ్వరం తగిలి లేస్తే నోరు చవి చచ్చిపోతుంది. అప్పుడు బెల్లం పడకపోయినా సాంబారు రుచి మారుతుంది.

అమ్మాయి వాక్యం కొట్టెయ్యకండి. దాని కిందే నాయనమ్మ వాక్యం కూడా రాయమనండి.